పాత ట్రాన్సుఫార్మరుతో అతుకు యంత్రము: చేయదగినది, చేయరానిది

వరంగల్లు బాటను భువనగిరి, ఘట్‌కేసరు ప్రాంతములనుండి నగరమునకు వచ్చు రైతునకు మొదట నెదురగునది ఉప్పలు. దాని ప్రక్కనే నాచారము. ఈ రెండును పూర్వము గ్రామములే. పిమ్మట పారిశ్రామికవాడలు వెలసినవి. 2007వ సంవత్సరమున ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము హైదరాబాదు మహానగర పాలక సంస్థయందు విలీనమైనది. నేడు మన సభ్యులు యంత్రముల విడిభాగముల కొఱకును, కాలిన మోటారు చుట్టించుకొనుటకును, పాత సామాను బేరమాడుటకును ఈ ప్రాంతమునకు పోవుచుందురు. అట్లు పోయి వచ్చినవారు మమ్ము తఱచుగా నొక ప్రశ్న యడుగుచున్నారు: “పాడైన మైక్రోవేవ్ పొయ్యిలోని ట్రాన్సుఫార్మరు పాత సామాను కొట్లలో తక్కువ వెలకు దొరకును గదా, దానిని మరల చుట్టించినచో రేకుల నతుకు యంత్రము తయారగునట, నిజమేనా?”

నిజమే. అయితే ఆ వస్తువు మరల చుట్టకముందు ప్రాణము తీయునట్టిది. సరిగా చుట్టిన పిమ్మట మిక్కిలి యుపకరించునట్టిది. ఈ రెండు స్థితుల నడుమనున్న పని ఇంటిలో నొంటరిగా చేయదగినది కాదు. సంఘము తరఫున, పని తెలిసిన వైండరుచేత, అందఱికి నుపయోగపడునట్లు ఒక్కటి చేయించుకొనుట మేలు. ఏల యట్లనుచున్నామో సభ్యులు గ్రహించుటకై విషయమును మొదటినుండి వివరించుచున్నాము.

ట్రాన్సుఫార్మరు చేయు పని

ఏతమును చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. ఏతపు మ్రానుకు పొడవైన కొన నెక్కువ దూరము నడిపించినచో పొట్టి కొనయందు తక్కువ దూరము, ఎక్కువ బలము లభించును. దూరము తగ్గినకొలది బలము పెరుగును; రెంటి లబ్ధము మాత్రము మారదు. ట్రాన్సుఫార్మరును ఇట్టిదే. వోల్టులు తగ్గినకొలది ఆంపియర్లు పెరుగును. రెంటిని గుణించిన వచ్చు వాట్లు, వేడిరూపమున పోవు కొంత నష్టము తప్ప, ఇరుప్రక్కల సమానముగా నుండును.

ఇందు పలుచని యినుప రేకుల దిమ్మ యొకటి, దానిపై రెండు తీగచుట్టలు ఉండును. కరెంటు నిచ్చు చుట్టను ప్రైమరీ యనియు, కరెంటును పుచ్చుకొను చుట్టను సెకండరీ యనియు పనివారు చెప్పుదురు. రెండు చుట్టలకును తీగ సంబంధ మేమియు లేదు. నడుమ నున్నది అయస్కాంత శక్తి మాత్రమే. ఈ ధర్మమును 1831వ సంవత్సరమున ఇంగ్లండులో మైకేలు ఫారడే కనుగొనెను. నేటి రూపమునకు దగ్గఱగనున్న ట్రాన్సుఫార్మరును 1885వ సంవత్సరమున బుడాపెస్టు నగరమున గాంజ్ కర్మాగారపు ఇంజనీర్లు ముగ్గురు నిర్మించిరి. మన పొలముల గట్లపై దిమ్మెలమీద నిలిచియుండి 11,000 వోల్టులను మోటారునకు వలసిన 415 వోల్టుల ప్రాంతమునకు దించునవి వారి వస్తువు సంతతియే.

సెకండరీలో నెన్ని వోల్టులు వచ్చునో చుట్ల సంఖ్యయే నిర్ణయించును. ప్రైమరీలో 230 చుట్లుండి దానికి 230 వోల్టు లిచ్చినయెడల చుట్టుకొక వోల్టు చొప్పున పడును. అప్పుడు సెకండరీకి రెండు చుట్లు చుట్టిన రెండు వోల్టులు, రెండువేల చుట్లు చుట్టిన రెండువేల వోల్టులు వచ్చును. మన కథ యంతయు ఈ రెంటి భేదములోనే యున్నది.

అతుకునకు వలయునది ఆంపియర్లు

రెండు రేకులను ఒకదానిపై నొకటి పెట్టి, రాగి మొనల నడుమ నొక్కి, క్షణకాలము మిక్కుటమగు కరెంటు పంపినచో అవి తాకినచోట కరగి అతుకుకొనును. దీనిని స్పాటు వెల్డింగు అందురు. అమెరికాలో ఎలిహు థామ్సను ఈ పద్ధతికి 1886వ సంవత్సరమున పేటెంటు పొందెను. కరెంటు రెట్టింపైన వేడి నాలుగింత లగునని అంతకు పూర్వమే, 1841వ సంవత్సరమున, జూలు కనుగొనియుండెను. కావున ఇచ్చట పెంచవలసినది వోల్టులు గావు, ఆంపియర్లు.

లెక్క చూతము. ఇంటి ప్లగ్గునుండి 230 వోల్టులవద్ద 4 ఆంపియర్లు తీసుకొన్నచో 920 వాట్లు. నష్టములను విడిచి లెక్కించిన అదే శక్తి రెండు వోల్టులవద్ద 460 ఆంపియర్లగును. ట్రాక్టరు బ్యాటరీ ఇంజనును త్రిప్పునప్పుడు పోవు కరెంటు వంటిది ఇది. ఒక చేటెడు పరిమాణముగల యినుప దిమ్మనుండి ఇంత ప్రవాహము వచ్చుటయే ఈ పాత వస్తువు గొప్పతనము.

చుట్టకముందు అది ఎట్టిది?

మైక్రోవేవ్ పొయ్యికి రెండువేల వోల్టులకు పైబడిన విద్యుత్తు అవసరము. అందుచేత దాని ట్రాన్సుఫార్మరులో ప్రైమరీ లావుతీగతోను, సెకండరీ సన్నని తీగతో వేలకొలది చుట్లుగాను ఉండును. సన్నని సెకండరీ యొక్క ఒక కొన దిమ్మకే కలిపియుండును. ఇంటి కరెంటు తగిలినవాడు ఒక్కొక్కప్పుడు విదలించుకొని బ్రదుకును. ఈ సెకండరీ తగిలినవాడు బ్రదుకుట యరుదు. ఏలయన, వోల్టులు పదింతలకు సమీపించుటయే గాక ప్రాణము తీయుటకు చాలినదానికి అనేక రెట్లు ఆంపియర్లు కూడ దానివెనుక నుండును.

ఇంటిలో ఆర్‌సీసీబీ పెట్టించితిమి, అది కాపాడును అని కొందఱందురు. కాపాడదు. ఆ పరికరము ఇంటి లైనునుండి వెడలిన కరెంటు తిరిగి రాకున్ననే తెగును. ట్రాన్సుఫార్మరు సెకండరీకి ఇంటి లైనుతో తీగ సంబంధము లేదు గనుక, అక్కడ మనుజుడు తగులుకొన్నను ప్రైమరీవైపున ఆ తేడా కానరాదు. యంత్రము దానికి భారము పెరిగినదనియే తలచును.

అమెరికాలో కొందఱు ఈ ట్రాన్సుఫార్మరును చుట్టు మార్చకయే తీసుకొని, తడిపిన కొయ్యపై మెఱుపు కొమ్మలవంటి మచ్చలు కాల్చు వేడుక సాగించిరి. అందు పలువురు మరణించిరి. అచ్చటి కొయ్యతరిణె పనివారల జాతీయ సంఘము తన సభలలో ఆ పనిని నిషేధించినది. పనివాండ్రకే అట్లయినప్పుడు తక్కినవారి మాట చెప్పనేల?

పొయ్యిలో ట్రాన్సుఫార్మరు ప్రక్కనే డబ్బావంటి కెపాసిటరు ఒకటి యుండును. ప్లగ్గు తీసివేసిన తరువాతను అందు విద్యుత్తు నిలిచియుండవచ్చును. కావున పొయ్యిని ఇంటివద్ద విప్పుట ఎంతమాత్రము తగదు. పొయ్యిలో విప్పు పని కూడ తెలిసినవానికే వదలి, ట్రాన్సుఫార్మరును విడిగా కొనుటయే మంచిది. ఇన్వర్టరు పద్ధతిన పనిచేయు క్రొత్తరకపు పొయ్యిలలో ఈ పెద్ద దిమ్మ ఉండనే యుండదు. బరువుగానున్న పాత పొయ్యిలోనే దొరకును.

మరల చుట్టు క్రమము

వైండరువద్ద పని చేయించునపుడు సభ్యుడు దగ్గఱనుండి చూడవలసిన యంశములను వరుసగా వ్రాయుచున్నాము.

1. సన్నతీగ సెకండరీని దిమ్మకు రెండు ప్రక్కలను ఇనుప రంపముతో కోసి, లోపల మిగిలినదానిని కొయ్యముక్కతో దెబ్బకొట్టి వెడలింపవలెను. ఒక్క చుట్టైనను మిగులరాదు. దానితోపాటు రెండుమూడు చుట్లుగల చిన్న మూడవ చుట్ట యొకటి యుండును. దానిని గూడ తీసివేయవలెను.

2. ఈ పనిలో ప్రైమరీ తీగపై రంపముగాని ఉలిగాని తగులరాదు. తీగపై పూత ఒక్కచోట లేచినను ఆ చుట్ట ఎన్నటికైన కాలును. అట్లు గీసికొనిన ప్రైమరీని వాడరాదు, క్రొత్తగా చుట్టింపవలెను.

3. రెండు చుట్టల నడుమ ఇరుప్రక్కల చిన్న రేకుల కట్టలు దూర్చియుండును. ఇవి కరెంటును హద్దులో నుంచుటకు పెట్టినవి. అతుకు యంత్రమునకు వీనిని తీసివేయుదురు.

4. ఖాళీ యైన సందున లెదరాయిడు కాగితము పఱచి, లావైన రాగి కేబులు రెండు చుట్లు చుట్టవలెను. ఎన్ని వోల్టులు వచ్చునో తెలిసికొనుటకు ముందుగా మామూలు తీగను పది చుట్లు చుట్టి మీటరుతో కొలిచి, పదింట భాగించిన చాలును.

5. కేబులు మందము విషయమున పొదుపు పనికిరాదు. ఒకటిన్నర మీటర్ల పొడవుగల 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులులో 400 ఆంపియర్లు పోవునప్పుడు సుమారు 0.65 వోల్టు కేబులులోనే వ్యయమగును. అనగా మనకున్న రెండు వోల్టులలో మూడవవంతు పోయినదన్నమాట. అదే కేబులు 50 చదరపు మిల్లీమీటర్లదైనచో 0.2 వోల్టే, అనగా పదవవంతే, పోవును. కేబులు లావుగాను పొట్టిగాను ఉండుటయే యంత్రపు సత్తువ.

6. స్విచ్చి ప్రైమరీవైపున ఉండవలెను. వందలకొలది ఆంపియర్లను సెకండరీవైపున తెంపుట సామాన్యపు స్విచ్చివలన కాదు. కాలితో నొక్కు స్విచ్చి మంచిది. కాలు తీయగానే కరెంటు ఆగును, చేతులు రేకుమీదనే యుండును.

7. దిమ్మకు తప్పక ఎర్తు కలుపవలెను. మూడు తీగల కేబులు, పదునాఱు ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగిన ఎంసీబీ ఉండవలెను. ఫ్యూజు స్థానమున లావుతీగ బిగించు నలవాటును ఈ యంత్రముకడ పూర్తిగా మానవలెను.

8. మొదటిసారి కరెంటు ఇచ్చునపుడు 200 వాట్ల పాతకాలపు బల్బును ప్రైమరీతో వరుసగా కలిపి చూతురు. సెకండరీ కొనలు విడిగానుండగా బల్బు మందముగా వెలిగిన పరవాలేదు. నిండుకాంతితో వెలిగినచో చుట్టలో నెక్కడనో షార్టు కలదని యర్థము. మెగ్గరుతో ప్రైమరీకిని దిమ్మకును నడుమ పరీక్షించి, కనీసము ఒక మెగోము చూపనిదే యంత్రమును ఇంటికి తీసికొని రారాదు.

ఏ పనికి వచ్చును? ఏ పనికి రాదు?

ఒక్కొక్కటి మిల్లీమీటరునకు మించని పలుచని యినుప రేకులు, కోళ్ల గూళ్లకు వాడు నినుప జాలి, గింజల డబ్బాల మూతల చువ్వలు మున్నగువానిని ఈ యంత్రముతో అతుకవచ్చును. ఒకటి రెండు సెకండ్లు నొక్కి, మరల చాలసేపు చల్లారనీయవలెను. వార్నీషు వాసన వచ్చిన వెంటనే ఆపవలెను.

నాగటి కఱ్ఱు, ట్రాక్టరు భాగములు, లావైన చువ్వలు ఈ యంత్రమునకు లొంగవు. వానిని ఆర్కు వెల్డింగు పనివానికడకే తీసికొని పోవలెను. రాగి, అల్యూమినియము అతుకుట కష్టము, ఏలయన వేడి నిలువక పాఱిపోవును. జింకుపూత రేకులనతుకునపుడు వచ్చు పొగ ఆరోగ్యమునకు హానికరము. ఆ పని ఆరుబయటనే చేయవలెను. పెట్రోలు, పురుగుమందు, డీజెలు ఉంచిన డబ్బాలను, అవి ఖాళీవైనను, ఎన్నడును అతుకరాదు.

మందు పిచికారీ చేయు బ్యాటరీ స్ప్రేయర్లలోని లిథియము బిళ్లలకు నికెలు పట్టీలనతుకుటకు ఇదే యంత్రము చాలదా యని కొందఱడుగుదురు. ఆ పనికి కరెంటు సెకండులో శతాంశముల లెక్కను ఆగవలెను. కాలితో నొక్కి తీయుట చాలదు. కాలము కొలుచు ప్రత్యేక పరికరము లేనిదే ప్రయత్నించినచో బిళ్ల చిల్లుపడి మంట లెగయును. అట్టి బ్యాటరీలను దుకాణమునకు పంపుటయే మేలు.

అతుకు వేళ పాటింపవలసిన విధులు మఱి కొన్ని కలవు. రెండు వోల్టులు దేహమును తాకిన షాకు కొట్టదు. అయితే వ్రేలి యుంగరముగాని, వెండి మొలత్రాడుగాని, గడియారపు గొలుసుగాని ఆ మొనల నడుమ పడినచో క్షణములో ఎఱ్ఱగా కాలి చర్మమునకు అంటుకొనును. కావున వీనిని తీసివేసియే పనికి దిగవలెను. నిప్పురవ్వల నడ్డుకొను కంటద్దములు ధరింపవలెను. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకొన్నవారు యంత్రము నడుచుచుండగా దరిజేరరాదు.

స్టెబిలైజరు, ఇన్వర్టరు ట్రాన్సుఫార్మర్ల సంగతి

మైక్రోవేవ్ ట్రాన్సుఫార్మరు దొరకనప్పుడు స్టెబిలైజరు లోనిదానిని వాడవచ్చునని కొందఱు తలంతురు. ఇది పొరబాటు. స్టెబిలైజరు లోపల సాధారణముగా నుండునది ఒకే చుట్టగల ఆటో ట్రాన్సుఫార్మరు. దానిలో వచ్చు తీగకును ఇంటి లైనునకును నేరుగా సంబంధము కలదు. దానినుండి తక్కువ వోల్టులు తీసినను ఆ తీగ తాకినవాడు లైనునే తాకినట్లు. బ్యాటరీ చార్జింగునకు దీనిని వాడుట మిక్కిలి ప్రమాదము.

పాత ఇన్వర్టరులోని ట్రాన్సుఫార్మరు వేఱు. అందు 12 వోల్టుల వైపు లావు రాగితీగ ఎట్లును ఉండును. రెండు చుట్టలు వేఱువేఱుగా నుండును. చార్జరువంటి పనులకు అది చక్కగా పనికివచ్చును, మరల చుట్టవలసిన పని తక్కువ. అయినను వైండరుచేత పరీక్షింపక వాడరాదు.

కొనునప్పటి జాగ్రత్త

ఇచ్చట మన రైతులకు ప్రత్యేకముగా సంబంధించిన మాట యొకటి కలదు. పొలముల గట్లమీది ట్రాన్సుఫార్మర్లను రాత్రివేళల పడద్రోసి, నూనె నేలపాలుచేసి, లోని రాగితీగను దొంగిలించుకొని పోవు దుర్మార్గులు కలరు. పైరు పొట్టకు వచ్చినవేళ ఒక్క ట్రాన్సుఫార్మరు పోయినచో దాని క్రింది పొలములన్నియు ఎండును. 2018 జనవరి 1వ తేదినుండి తెలంగాణమున వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఈయ నారంభించిరి. కాని ట్రాన్సుఫార్మరే లేనప్పుడు ఆ విద్యుత్తు ఏ మోటారునకు చేరును?

దొంగిలింపబడిన రాగికి కొనువాడు లేకున్న దొంగతనము సాగదు. 2003వ సంవత్సరపు విద్యుత్తు చట్టములోని 136వ సెక్షను విద్యుత్ సామగ్రి దొంగతనమునకు మూడేండ్లవఱకు ఖైదు, లేక జరిమానా, లేక రెండును విధించుచున్నది. దొంగసొత్తని తెలిసియు పుచ్చుకొనువాడు 137వ సెక్షను క్రింద అట్లే శిక్షార్హుడగును. కావున చవుకగా దొరకినదని పేరు ఊరు చెప్పని కొట్టున రాగితీగ కొనుట, తెలియక మన పొలమునకే మనము గుంట త్రవ్వుకొనుట యగును. రసీదు లేనిదే రాగి కొనరాదు. ఎవరి కొట్టు, ఏ తేది, ఎంత బరువు అను వివరములు సంఘపు పుస్తకమున వ్రాయవలెను. విద్యుత్తు సంస్థవారి ట్రాన్సుఫార్మరు నూనెనుగాని చుట్టనుగాని ఎంత పాతదైనను తాకరాదు.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్క సభ్యుడు ఒక్కొక్క యంత్రము చేయించుకొనుటకంటె సంఘమునకంతకు నొకటి చేయించుట మేలని మొదటనే చెప్పితిమి. అందులకు కారణములు మూడు. మొదటిది: ఈ యంత్రము ఒక రైతునకు సంవత్సరమున నాలుగైదు దినములే పని కల్పించును, నూఱుమంది సభ్యులకైనచో తఱచుగా నుపయోగపడును. రెండవది: ఎర్తు, ఎంసీబీ, మెగ్గరు పరీక్ష మొదలగు ఖర్చులు ఒక్కచోట భరించుట సులభము. మూడవది, ముఖ్యమైనది: ఈ పనిలో ప్రాణహాని ఏకాంతములోనే జరుగును. దగ్గఱ ఇంకొకడు నిలిచి మెయిను స్విచ్చి తెంపగలిగినయెడల మరణము తప్పవచ్చును.

కావున పాలకవర్గమువారు ఈ క్రింది పద్ధతిని పరిశీలింపవలెనని మా సూచన. యంత్రమును సంఘపు గిడ్డంగిలోనే యుంచవలెను, ఇండ్లకు పంపరాదు. తాళపుచెవి ఒక బాధ్యుని యొద్ద నుండవలెను. పనికి ఎప్పుడును ఇద్దఱు కావలెను, ఒకరు యంత్రమువద్ద, ఒకరు మెయిను స్విచ్చివద్ద. పిల్లలను లోనికి రానీయరాదు. వానకాలమున నేల తడిగానున్నప్పుడు పని నిలుపవలెను. ఏడాదికొకసారి వైండరుచేత పరీక్షింపజేసి ఫలితమును పుస్తకమున నెక్కింపవలెను.

పాత సామానునకు క్రొత్త ప్రాణము పోయుట మన రైతునకు తెలియని విద్య కాదు. విరిగిన బండిచక్రమును, అరిగిన నాగటిని మరల పనికి తెచ్చుట తరతరములుగా జరుగుచునే యున్నది. అయితే చక్రము విరిగిన చప్పుడగును, నాగలి అరిగిన కంటికి కనబడును. విద్యుత్తు మాత్రము చప్పుడు చేయదు, కంటికి కనబడదు. సన్నతీగ చుట్టయందున్నప్పుడు మృత్యువైనదియే లావు కేబులు రెండు చుట్లయందు సేవకుడగును. ఏ తీగ యేదో గుర్తించి, తెలియనిచోట తెలిసినవాని నడిగి, నలుగురు కలిసి చేసినచో చౌకగా దొరకిన యీ వస్తువు మన సంఘమునకు చిరకాల ముపయోగపడును. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును చర్చించి నిర్ణయము గైకొందురుగాక యని కోరుచున్నాము.